వంకాయ రంగు చేయి

మార్చి 3, సోమవారం

చెల్లీ,

క్షేమమా అని అడగను. నీకేం, క్షేమంగానే ఉంటావు. లైబ్రరీలో కుర్చీలో కూర్చుని, మాట్లాడొద్దని పదిమందిని కసిరితే నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. నువ్వు పంపిన ఊలు అందింది. నేనడిగిన రంగు కాదు, అయినా ఉంచుకుంటాను. మొన్న ఇస్త్రీపెట్టె తగిలి బొటనవేలు కాలింది. గుడ్డ చుట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు కోడి గీకినట్టుంటే సర్దుకుని చదువుకో.

ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. అమ్మ కుట్టుమిషను నాకొచ్చిందని నువ్వు, అమ్మ గొంతు నీకొచ్చిందని నేను, ఫోన్లోనే జుట్లు పట్టుకున్నంత పని చేశాక, ఇక ఏం చెప్పుకోవాలన్నా ఉత్తరాల్లోనే అనుకున్నాం కదా. ఆ మాట మీదే ఉన్నాను. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డురావు.

సంగతేమిటంటే, మీ బావ నా కళ్లు కప్పుతున్నాడు.

ఇవాళ పొద్దున టీ ఇద్దామని ముందుగదిలోకి వెళ్లాను. నీకు తెలుసుగా ఆ గది, మీ బావ పళ్లు కట్టే షాపు అదే. ఎత్తు కుర్చీ, దాని మీదకి వంగిన దీపం, గోడ పొడుగునా అరల్లో ఊళ్లోవాళ్ల దవడల అచ్చులు. మీ బావ కంప్యూటరు ముందు కొయ్యబారిపోయి కూర్చున్నాడు. తెర మీద పోలీసు ముద్ర, దాని కింద ఎర్ర అక్షరాలు. పెద్దవి కాబట్టి గుమ్మంలోంచే, కళ్లజోడు లేకుండానే చదివాను. ఈ కంప్యూటరులో అశ్లీల చిత్రాలు చూశారు, అందుకని దీన్ని స్వాధీనం చేసుకున్నాం, గడువులోగా జరిమానా కట్టకపోతే అరెస్టు చేస్తాం, అని ఉంది.

అది చాలక పైన ఒక ఫొటో. అందులో మీ బావే, నోరు తెరుచుకుని. ఆయన వెనకాల ఒక ఆడమనిషి. తల ఫొటోలో పట్టలేదు, మెడ నుంచి కిందకే ఉంది. వంకాయ రంగు బట్ట. ఆ మనిషి చేయి మీ బావ భుజం మీద ఉంది, చెల్లీ. ఊరికే తగిలినట్టు కాదు, ఏళ్ల తరబడి అలవాటున్నట్టు ఆనించి ఉంది.

నేను వచ్చిన అలికిడికి మీ బావ ఉలిక్కిపడి, మెడలో తువ్వాలు తీసి తెర మీద కప్పేశాడు. ఏమిటది అని అడిగితే మిషను పాడైందని నీళ్లు నమిలాడు. టీ అక్కడే పెట్టి వచ్చేశాను. అప్పట్నుంచి మాట్లాడలేదు.

ఆ వంకాయ రంగు ఎవరిదో నాకు తెలుసు. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పే ఒకావిడ ఉంది. మెట్ల మీద జారిపడి ముందుపళ్లు రెండూ పోగొట్టుకుంది. పళ్లు కట్టించుకోవడానికి చలికాలం నుంచీ తిరుగుతోంది, ఒంటి మీద ఎప్పుడూ అదే వంకాయ రంగు కోటు. పంటి రంగు కలవలేదని ఒకసారి, అంచు తగులుతోందని ఒకసారి. మీ బావ దీపం ఆవిడ మొహం మీదకి వంచి, "నవ్వండి, ఇంకాస్త, ఆ, అలాగే ఉండండి," అంటుంటే పక్కగదిలో మిషను తొక్కుతూ నేను వింటూ ఉంటాను. సూది ఎన్నిసార్లు పక్కకి పోయిందో ఎవరి ఫ్రాకులో చూసినా తెలుస్తుంది.

నా పక్కపన్ను ఊడిపోయి చాలాకాలమైంది. మీ బావ ఒక్కసారి అడిగాడు, కూర్చో చూస్తానని. ఊరందరూ నోళ్లు తెరిచిన కుర్చీలో నేను కూర్చోనన్నాను. మళ్లీ అడగలేదు. పెళ్లయినప్పటి నుంచి నన్ను నవ్వమని అడిగిన పాపాన పోలేదు.

నువ్వు చదువుకున్నదానివి. ఏం చెయ్యాలో రాయి.

పళ్లు నూరుకుంటూ,
అక్క

మార్చి 8, శనివారం

అక్కా,

నీ ఉత్తరం మా పేపర్ల బల్ల దగ్గర నిలబడే చదివాను. నవ్వు ఆపుకోలేక, నేను రోజూ కసిరే ముసలాయన చేత చీవాట్లు తిన్నాను. ముందు నువ్వు కూర్చుని ఒక గ్లాసు మంచినీళ్లు తాగు.

అది పోలీసు నోటీసు కాదు. దొంగల పని. మా లైబ్రరీలో జనం వాడుకునే కంప్యూటర్లకి పోయిన ఏడాది నుంచీ ఇదే జబ్బు. ఒకసారి స్వెటర్ల డిజైన్లు చూసుకుంటున్న ఒక పెద్దావిడ మొహాన ఇదే ఎర్ర నోటీసు పడింది. పాపం, సంచీ కూడా మర్చిపోయి పరిగెత్తింది. ఇంకోసారి మా పుస్తకాల జాబితా తప్ప ఇంకేమీ తెరవని మిషనే అశ్లీలం చూసిందని అరెస్టయింది.

జరిగేది ఇది. ఏదో ఒక పేజీ చూస్తుంటే పక్కన ఒక పెట్టె లేస్తుంది. మీ వీడియో ఆడించే ప్రోగ్రాం పాతబడింది, కొత్తది కావాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది. నొక్కామా, దొంగ లోపలికొచ్చేశాడు. కొన్నిసార్లు అసలు ఏమీ నొక్కకపోయినా, మిషనులో పాత ప్రోగ్రాములుంటే ఆ సందులోంచి దూరతాడు. రాగానే తెర పైనున్న కెమెరాతో ఎదురుగా ఉన్నవాళ్లకి ఒక ఫొటో తీసిపెట్టుకుంటాడు. మళ్లీ మిషను ఆన్ చేసినప్పుడు తెరంతా కమ్మేసి, పోలీసు ముద్ర వేసి, ఆ ఫొటో పైన పెడతాడు. మనల్ని ఎవరో పట్టేసుకున్నారని గుండె జారిపోవాలని. మిషనులో దాచుకున్న వివరాలకేమీ కాదు. వీధి తలుపుకి తాళం పెట్టాడు తప్ప ఇంట్లో సామాను ముట్టుకోలేదు.

ఇక బావ గురించి నువ్వనుకునేది ఉత్త అనుమానం. ఆ చేయి ఎవరిదో, ఏ పని మీద పడిందో. పళ్లు చూపించుకునేవాళ్లు కుర్చీ దిగేటప్పుడు ఆసరాకి దేన్నో ఒకదాన్ని పట్టుకోరా. బావకు మాత్రం ఒకటి గట్టిగా చెప్పు, మళ్లీ కూపన్లు కొనొద్దని. ఒకసారి కట్టినవాడు మళ్లీ కడతాడని వాళ్లకి తెలుసు. ఏ పోలీసైనా జరిమానా దుకాణంలో అమ్మే కూపన్ల రూపంలో కట్టించుకుంటాడా, నువ్వే చెప్పు.

వేలికి వెన్న రాయకు, చన్నీళ్లలో పెట్టు. ఊలు రంగు నువ్వడిగిందే, మరోసారి వెలుతురులో చూసుకో.

నీ చెల్లి

మార్చి 12, బుధవారం

చెల్లీ,

చన్నీళ్లలో పెట్టాల్సింది వేలు కాదు, నా ఒళ్లు. నీ ఉత్తరం చదివినప్పట్నుంచి భగభగ మండిపోతోంది.

మళ్లీ కూపన్లు కొనొద్దని రాశావు. కూపన్ల సంగతి నీకెవరు చెప్పారు? నా ఉత్తరంలో ఆ మాటే లేదు. నాకు తెలిస్తే కదా రాయడానికి. ఉత్తరం చదివాకే మీ బావ కోటు జేబులు వెతికాను. గీకిన కూపన్లు దొరికాయి, వెండి పొడి ఇంకా జేబు అంచుకి అంటుకునే ఉంది. నువ్వు ముందు చెప్పకపోతే అవి ఆవిడగారి ఫోన్లో వేయించాడనుకునేదాన్ని. ఇప్పుడు అంతకన్నా పెద్ద సంగతి తెలిసింది. మీ బావ నీకు ఫోన్ చేశాడు.

నేను అదే ఇంట్లో, అదే గోడకి ఇవతల ఉన్నాను. నాకు మిషను పాడైందని చెప్పి, నీకు పూసగుచ్చినట్టు అంతా చెప్పాడు. నాకు తెర మీద కప్పిన తువ్వాలు, నీకు అసలు సంగతి. మనం ఫోన్లో మాట్లాడుకోకూడదని పెట్టుకున్న మాట మీ బావకి వర్తించదు కాబట్టి నువ్వు హాయిగా మాట్లాడావు. అమ్మ కూడా ఇంతే, ఏదున్నా ముందు నీ చెవిలోనే వేసేది. నాకు తర్వాతెప్పుడో వంటింట్లో తీరిగ్గా చెప్పేది.

నీ మీద కుళ్లుగా ఉంది. దాచుకోవడం నాకు చేతకాదు. ఆ ఈతావిడ మీద ఉన్నంతా ఒక వారంలో నీ మీదకి మళ్లింది, కొంచెం ఆవిడ మీద కూడా మిగిలింది.

ఆ మిగిలిన దానితో ఒక పని చేశాను. మా ఇంట్లో పెద్ద కత్తెర మీ బావ తన కుర్చీ వెనక పై అరలో పెడతాడు, అచ్చుల రబ్బరు కోసుకోవడానికి. దానికోసం తప్ప ఆ గదిలో నాకు పనిలేదు. నిన్న కత్తెర తీస్తుంటే పక్కనే ఆవిడ అచ్చు కనిపించింది. పై దవడ, ముందు రెండు పళ్ల ఖాళీ. అది నన్ను చూసి పళ్లికిలించినట్టే అనిపించింది. మోచేయి తగిలింది. తగిలించాను. నేల మీద పడి ముక్కలైంది.

మీ బావ వచ్చి చూశాడు. నన్ను చూశాడు. చీపురు తెచ్చి ఎత్తుకున్నాడు, మళ్లీ అచ్చు పోయడానికి ప్లాస్టర్ కలుపుకున్నాడు. అరిచినా బాగుండేది. ఏ తప్పూ చెయ్యనివాడు అరవడా?

ఇంకా ఏమేం మాట్లాడుకున్నారో రాయి. రాయకపోతే నాకు చెల్లెల్లేదనుకుంటాను.

అక్క

మార్చి 16, ఆదివారం

చెల్లీ,

నీ జవాబు రాకముందే ఇంకో ఉత్తరం రాస్తున్నాను. నాలో నేను దాచుకుంటే పిచ్చెక్కేలా ఉంది.

నిన్న ఆ ఈతావిడ వచ్చింది. మీ బావ లేడు, బజారుకి వెళ్లాడు. గుమ్మంలో నిలబడి, చేత్తో నోరు కప్పుకుని, తన పళ్లు ఎప్పుడవుతాయని అడిగింది. ఒంటి మీద ఆ వంకాయ రంగు కోటు. నా కళ్లకి ఇంకేమీ కనిపించలేదు. "పళ్ల సంగతి తర్వాత, ముందు పోలీసులకేం చెప్పుకుంటావో చూసుకో. నువ్వూ మా ఆయనా కలిసున్న ఫొటో వాళ్ల దగ్గరుంది. కంప్యూటర్లో బూతుబొమ్మలు చూశారని కేసు పెట్టారు," అన్నాను.

మామూలుగా అనలేదు. నా గొంతు నీకు తెలుసు, మిషను చప్పుడులో పలికీ పలికీ అది అంతకన్నా తగ్గదు. మా గుమ్మం పక్కనే రొట్టెల దుకాణం. నిన్న శనివారం. దుకాణం ముందు జనం వరసలో నిలబడి ఉన్నారు.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. వీధి మలుపు దాకా పరిగెత్తినట్టే వెళ్లింది. ఏ తప్పూ లేకపోతే అలా ఎందుకు వెళ్తుంది? ఇంకేం కావాలి నీకు?

ఇవాళ మాత్రం వీధంతా ఒకలా ఉంది. రొట్టెలాయన నా చేతికి చిల్లర ఇస్తూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. తన కూతురి పళ్లకి తీగ కట్టిస్తానన్న పోస్టాఫీసు ఉద్యోగి వచ్చి, ఇప్పుడే వద్దులెండని అచ్చు తీసుకుని పోయాడు. మీ బావ ఎందుకని అడగలేదు. పొద్దు పోయేదాకా ఎత్తు కుర్చీలో, అదే, అందరూ కూర్చునే కుర్చీలో, తనే కూర్చున్నాడు. దీపం వెయ్యలేదు.

గెలిచినదానికి ఉండాల్సిన సంతోషం నాకు లేదు.

అక్క

మార్చి 17, సోమవారం

అక్కా,

నీ పన్నెండో తారీఖు ఉత్తరం ఇవాళే అందింది. అవును, బావ ఫోన్ చేశాడు. ఒకసారి కూపన్ల నంబర్లు కొట్టాక తెర తెరుచుకోలేదు, ఇంకా కట్టాలని ఇంకో నోటీసు వచ్చింది. అప్పుడు చేశాడు. తను ఏ బొమ్మలూ చూడలేదని, అయినా మీ అక్క ఆ ఎర్ర అక్షరాలు చదివేసిందని, ఇక ఏం చెప్పినా నమ్మదని అన్నాడు. నీకు ఆ ఫొటో మీద అనుమానమని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు, నువ్వే అడుగుతావనుకున్నాను. గోడకి చెరోపక్కా కూర్చుని మీ ఇద్దరూ రెండు వేరే సంగతుల మీద అలిగారు.

అసలు ఏం చూడబోతే ఆ దొంగ దూరాడో కూడా చెప్పాడు. అది నీకు రాయను. ఒట్టు వేయించుకున్నాడు. చెడ్డదేమీ కాదని మాత్రం నమ్ము.

నువ్వు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ దొంగల అసలు ఆయుధం తాళం కాదు, సిగ్గు. ఇంట్లో ఇల్లాలికి, వీధిలో నలుగురికి చెప్పుకోలేడని తెలిసే అశ్లీలం అని రాస్తారు. చెప్పుకోలేనివాడు నోరు మూసుకుని కడతాడు. కాబట్టి కాస్త నోరు అదుపులో పెట్టుకో. వీధిలో ఎవరితోనూ అనకు, ముఖ్యంగా ఆ ఈతావిడతో.

తెరను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపమని బావకు చెప్పాను. ఏ రకం తాళమో చూస్తే మందు తెలుస్తుంది. ఇంతకీ ఆ చేతిని నువ్వు కళ్లజోడు పెట్టుకుని చూశావా? ముక్కు పెద్దగా కనిపిస్తుందని దాన్ని డబ్బాలో దాచే మనిషివి కాబట్టి అడుగుతున్నాను.

చెల్లి

మార్చి 21, శుక్రవారం

అక్కా,

నీ ఆదివారం ఉత్తరమూ, బావ పంపిన ఫొటో ఒకేరోజు అందాయి. ఉత్తరం చదివి చాలాసేపు ఎవరినీ కసరలేదు.

ఆ దొంగలు ఎక్కడో కూర్చుని, డబ్బు కట్టకపోతే పరువు తీస్తామని బెదిరించారు. వాళ్లకి అంత ఓపిక ఉండదు, ఎవరి పరువూ నిజంగా తీయరు, ఇంకో ఇంటికి పోతారు. వాళ్లు బెదిరించి వదిలేసిన పని నువ్వు ఉచితంగా చేసిపెట్టావు. రొట్టెల దుకాణం ముందు నిలబడి.

ఫొటోను పెద్దదిగా ప్రింటు తీసి ఈ కవరులో పెట్టాను. చదవడం ఇక్కడ ఆపి, డబ్బాలోంచి కళ్లజోడు తీసి, దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లు.

చూశావా? బొటనవేలికి చుట్టిన గుడ్డ చూశావా? ముంజేతి దగ్గర అల్లిక ఒక వరస తప్పి ఉంది. నీ పుట్టినరోజుకి ఆ గోధుమరంగు స్వెటరు అల్లింది నేను, ఆ వరస తప్పింది నేను, ఏళ్లతరబడి అది చూపించి నన్ను దెప్పింది నువ్వు. చవక కెమెరా, పైగా పళ్ల దీపం వెలుతురు, గోధుమరంగు వంకాయ రంగయింది. ఇంకో చేయి పైకి లేచి ఉంది, అరలోకి. కత్తెర కోసం. అందడానికి ఆసరాగా ఈ చేయి ఆయన భుజం మీద పెట్టావు. నిన్ను నువ్వే గుర్తుపట్టలేదు. మొగుడి భుజం మీద చేయి వేసే ఆడమనిషి నువ్వు అయ్యుంటావని నీకు తట్టనే లేదు.

ఇప్పుడు ఒట్టు తప్పుతున్నాను, బావ నన్ను క్షమిస్తాడు. నీ పక్కపన్ను కట్టాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది. నువ్వా కుర్చీ ఎక్కవు. ఫొటోలన్నిట్లో మూతి బిగించుకునే ఉంటావు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నదిదగ్గర తీసిన వీడియో ఒకటుంది, అందులో నేను నీళ్లలో పడితే నువ్వు నోరంతా తెరిచి నవ్వావు, అన్ని పళ్లూ కనిపించేలా. అప్పటికి ఆ పన్ను ఉంది, దాని ఆకారం చూసుకుంటానని అది పంపమన్నాడు. పంపాను. బావ పాత మిషనులో అది ఆడలేదు. పక్కన లేచిన పెట్టె కొత్త ప్రోగ్రాం కావాలా అంది. నొక్కాడు. అదీ ఆ అశ్లీల చిత్రం.

ఇక నా సంగతి. నీకే కుళ్లు ఉంటుందని అనుకోకు. ఈ రెండువారాలకి పైగా నీకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. మొదటిసారి బావ నాతో చెప్పాడు, నీతో కాదు. ఆ మాట వెంటనే నీకు రాసేస్తే ఇదంతా జరిగేది కాదు. రాయలేదు, ఎందుకంటే అది నా దగ్గర ఉండటం నాకు బాగుంది. నువ్వు ఉత్తరం నిండా పక్కగదిలో ఉన్న మనిషిని తిడతావు. నా పక్కగదిలో నీళ్ల బకెట్లున్నాయి. నా తెర మీద ఏం పడ్డా తువ్వాలు కప్పుకోవాల్సిన అవసరం నాకు లేదు, చూసేవాళ్లు ఎవరున్నారని. నువ్వు ఆయన వల్ల ఏడ్చిన ప్రతి ఉత్తరం చదివీ నాకు అసూయే. అమ్మ మిషను కన్నా ఎక్కువ.

కవరులో ఉన్న సీడీని మిషనులో పెట్టి ఆన్ చెయ్యమని బావకి చెప్పు. మామూలుగా మొదలవకుండా దీంట్లోంచి మొదలవుతుంది, దొంగను వెతికి తీసేస్తుంది. కాస్త టైము పడుతుంది, మధ్యలో ఆపొద్దను. మా లైబ్రరీ గోడకి అంటించే నోటీసు కూడా ఒకటి పెట్టాను. అందులో ఈ మోసం ఎలా చేస్తారో ఉంటుంది.

ఆయనతో మాట్లాడు అక్కా. ఉత్తరం రాయకు.

చెల్లి

మార్చి 30, ఆదివారం

చెల్లీ,

కళ్లజోడు పెట్టుకున్నాను. ముక్కు పెద్దగానే కనిపిస్తోంది. చేయి నాదే.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతలోనే ఇంకొకటి కూడా అనిపించింది, నీకు కాక ఎవరికి చెప్పను. ఆ చేతిని చూసి మూడువారాలు కుళ్లుకున్నాను కదా. అంత కుళ్లుకోదగ్గ చేయి నాదేనని తెలిశాక లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉంది.

ముందుగదిలోకి వెళ్లి ఫొటో మీ బావ ఒళ్లో పెట్టాను. ఈమె ఎవరనుకున్నానో తెలుసా అని అడిగాను. ఆయన ఫొటో చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. "నువ్వు కాక ఇంకెవరు? కత్తెర తీసేటప్పుడు ఎప్పుడూ అలాగే చేయి వేస్తావుగా," అన్నాడు. నాకు తెలియదు చెల్లీ. ఎప్పుడూ వేస్తానట.

నువ్వు పంపిన సీడీ పెట్టాం. తెర మీద తెల్ల గీతలు పాకుతుంటే ఇద్దరం కుర్చీలు వేసుకుని కాపలా కూర్చున్నాం. పోలీసు ముద్ర పోయింది. అందరి పళ్ల రంగులూ, కొలతలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాత వీధి సంగతి ఎత్తాను. తను చెయ్యని తప్పుకి తనే తలదించుకుని బతుకుతానన్నట్టు మాట్లాడాడు. నేను నోటితో చేసిన దాన్ని నోటితో బాగుచెయ్యలేను, ఎవరూ వినరు. అందుకని ఆ ఫొటోను షాపు అద్దానికి లోపల్నుంచి అంటించాను. పక్కన మీ లైబ్రరీ నోటీసు. ఫొటో కింద లావు పెన్నుతో రాశాను: "ఈ తల లేని ఆడమనిషిని నేనే, ఈ షాపాయన భార్యను. దొంగలు తీసిన ఫొటోలో నా చేతిని నేనే గుర్తుపట్టక, మా ఆయన మీదా ఇంకొకరి మీదా లేనిపోనివి అన్నాను. చేయి చూడాలనుకున్నవాళ్లు లోపలికి రావచ్చు." వేలికి గుడ్డ ఇంకా విప్పలేదు, సాక్ష్యం కోసం.

రొట్టెల కోసం నిలబడ్డవాళ్లంతా వరస వదిలి వచ్చి చదివారు. ఒకరిద్దరు నిజంగానే వచ్చి చేయి చూశారు. మీ బావ వీధిలో నిలబడి అంతా చదివి, "ఇంకాస్త కిందకి అంటించాల్సింది, పొట్టివాళ్లకి అందదు," అని లోపలికొచ్చాడు. పోస్టాఫీసు ఉద్యోగి ఇంకా రాలేదు. వస్తాడో రాడో.

ఈతావిడ దగ్గరికి నేనే వెళ్లాను. కొలను అంచున తడి నేల మీద నిలబడి, కళ్లజోడు అద్దాలు ఆవిరిపట్టిపోతుంటే తుడుచుకుంటూ, క్షమించమని అడిగాను. ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్లి ఏం చెప్పిందనుకున్నావు? పోయిన ఏడాది ఆవిడ కంప్యూటరుకీ ఇదే ఎర్ర నోటీసు పడిందట. ఏ పాపమూ ఎరగదు, అయినా కూపన్లు కొని కట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఆ మిషనునే అటక మీద పడేసింది. నేను పోలీసులనేసరికి, ఆ పాతది తవ్వి తీశారనుకుని పరిగెత్తింది. చెబుతూ చెబుతూ నవ్వింది. చేత్తో నోరు కప్పుకుని నవ్వింది. నేను కూడా అలాగే నవ్వుతానని ఆవిడకి తెలియదు. పగలగొట్టిన అచ్చు సంగతి కూడా చెప్పేశాను. రెండోది మొదటిదాని కన్నా బాగా వచ్చిందని అబద్ధమాడాను.

గురువారం ఆవిడకి పళ్లు పెట్టాడు. బాగున్నాయి. మరీ బాగున్నాయి. కాస్త అరగదీస్తే నష్టమేమీ లేదని నేనన్నాను, మీ బావ వినలేదు.

నీ అసూయ సంగతి చదివాను. నాకు కోపం రాలేదని రాయలేను, వచ్చింది. రాత్రి తగ్గింది. అమ్మ మిషను నీకిస్తానని మాత్రం ఆశపడకు. కానీ వేసవి సెలవులకి వచ్చి ఇక్కడే ఉండు. మన ఇద్దరికీ ఒకటే గది, పోట్లాడుకుంటే వెళ్లడానికి ఇంకో గది లేదు, ముందే చెబుతున్నాను. నువ్వూ మీ బావా ఫోన్లో మాట్లాడుకోండి. నేను పక్కన ఉన్నప్పుడు.

ఇవాళ ఆ కుర్చీ ఎక్కాను. చేతులు కుర్చీ చేతులకి అతుక్కుపోయాయి. మీ బావ దీపం వంచి, ఆ వెలుతురు కళ్లలో పడకుండా అరచేయి అడ్డం పెట్టి, నవ్వు అన్నాడు. అంతకాలం ఎదురుచూసిన మాట, తీరా విన్నాక నవ్వు రాలేదు. అప్పుడాయన అద్దం మీంచి ఆ ఫొటో ఊడదీసి తెచ్చి నా ముందు పట్టుకున్నాడు. నా తల లేదు సరే, ఆయన మొహం, చేపలా తెరిచిన ఆ నోరు. నది దగ్గర నువ్వు నీళ్లలో పడ్డ రోజు నవ్వినట్టు నవ్వాను. అలాగే ఉండు, అలాగే ఉండు అంటూ ఆయన గబగబా పని మొదలుపెట్టాడు.

పైన ఆయన మొహం చాలా దగ్గరగా ఉంది. ఇన్నేళ్లూ ఈ కుర్చీలో కూర్చున్న వాళ్లందరినీ ఇలాగే చూశావా అని అడిగాను. నా నోట్లో ఆయన వేళ్లున్నాయి, ఒక్క మాటా అర్థం కాలేదట. చేతులు కడుక్కుని వచ్చాక మళ్లీ అడుగుతాను.

నోరు తెరుచుకుని,
అక్క